రాయి పెట్టని ఆకుల కుప్పలు

సూరత్ వెళ్లి వచ్చానంటే మా సిరిసిల్లలో ఎవరైనా ముందు అడిగేది చీరల గురించే. ఏం తెచ్చావు, ఎంతకు తెచ్చావు, మాకెందుకు తేలేదు. నేను తెచ్చింది ఒక ప్లాస్టిక్ కవరు. అందులో గుప్పెడు బూడిద. మా ఆవిడ దాన్ని ఏదో గుడి విభూతి అనుకుని, కళ్లకద్దుకుని దేవుడి గూట్లో పెట్టింది. అది విభూతి కాదనీ నా తెలివితక్కువతనానికి మిగిలిన గుర్తనీ ఆమెతో చెప్పడానికి నాకు నాలుగు రోజులు పట్టింది. ఆమెకు తెలిశాక ఇక పోవడానికి పరువేం మిగల్లేదు కాబట్టి మీకూ చెబుతున్నాను.

నేను భూసార పరీక్ష కేంద్రంలో ముప్పై ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను. శాస్త్రవేత్తను కాను. రైతులు తెచ్చిన మట్టిని నీడలో ఆరబెట్టి, మెత్తగా కొట్టి, జల్లెడ పట్టి లోపల కూర్చున్న సార్లకు అందించే మనిషిని. అయితే రైతు సదస్సుల్లో మట్టి నమూనా ఎలా తీయాలో చూపించే పని మాత్రం నాదే. "ముందు పైనున్న ఆకూ అలమూ, చెత్తా చెదారం శుభ్రంగా గీకి పారెయ్యాలి. తర్వాతే గుంట తీయాలి." ఈ మాట నేను ఎన్ని ఊళ్లలో చెప్పానో లెక్కలేదు. మీరూ గుర్తుపెట్టుకోండి, నా కొంప ముంచింది ఇదే.

ఖటోదరా: మగ్గాల చప్పుడులో

మా చెల్లెలు విజయ, దాని భర్త శంకర్ పాతికేళ్లుగా సూరత్‌లోనే ఉంటున్నారు. శంకర్ ఖటోదరాలో పవర్‌లూమ్ మగ్గాలు నడుపుతాడు. వాళ్లుండే రెండు గదుల ఇంటికి కార్ఖానా గోడ ఎంత దగ్గరంటే, మగ్గాలు ఆడుతున్నంతసేపూ అలమర్లో గ్లాసులు చిన్నగా మోగుతూ ఉంటాయి. ఆ ఇంట్లో అందరూ అరిచే మాట్లాడతారు. రెండో రోజుకే నేనూ అరవడం మొదలుపెట్టాను. ఆ అలవాటు ఇంటిదాకా వచ్చి, చాయ్ పెట్టమని అడిగినందుకు మా ఆవిడతో గొడవైంది.

పొద్దున్నే విజయ లోచో తెప్పించింది. శనగపప్పు పిండిని ఆవిరి మీద ఉడికించి, అది ముక్కలుగా కోయడానికి రాకుండా ముద్దముద్దగా వస్తే, పైన నూనె, సేవ్ అనే సన్న కారప్పూస, ఉల్లిపాయ ముక్కలు చల్లి పెడతారు. ప్లేటు నలభై రూపాయలు. ఒకప్పుడు ఎవరో ఢోక్లా చేయబోయి చెడగొడితే పుట్టిన వంటకమట. మా ఇంట్లో ఇడ్లీ పిండి చెడితే వారం రోజులు సాధిస్తారు. వీళ్లు చెడిపోయినదానికి పేరు పెట్టి, వరసలో నిలబడి కొనుక్కుని తింటున్నారు. ఈ ఊరు నాకు సరిగ్గా సరిపోతుందని అప్పుడే అనుకోవలసింది.

నన్ను పిలిపించింది మేనకోడలు మౌనిక కోసం. అక్కడే పుట్టి పెరిగిన పిల్ల, ఎమ్మెస్సీ ఆఖరి ఏడాది. సూరత్ జిల్లాలోనే ఉమర్‌పాడా వైపు టేకు అడవి ఉంది. కరువు వచ్చినప్పుడు ఆ అడవిలో ఆకుల్లో, మట్టిలో ఉండే పోషకాలు ఏమవుతాయన్నది దాని ప్రాజెక్టు. పోయినేడు అక్కడ వానలు సరిగా పడలేదు. ఈ ఏడు మొదటి వాన పడేలోపు నమూనాలు తీసుకురావాలి.

"నువ్వొచ్చినవ్ గదా బావా, నాకింక రంది లేదు" అన్నాడు శంకర్. "పిల్ల ఒక్కతే అడవిలకు పోతాంటే మీ చెల్లెకు నిద్ర పడ్తలేదు. నీకు మట్టి పని ఎర్కేనాయె. జర అర్సుకో."

"ముప్పై ఏండ్లు మట్టిలనే ఉన్న. నాకు చెప్తవా?" అన్నాను, లోచో నమలుతూ.

శంకర్ గొంతు తగ్గించాడు. ఆ ఇంట్లో గొంతు తగ్గించడమంటే మామూలుగా మాట్లాడటం. "ఇచ్ఛాపూర్ల ఒక ఫ్యాక్టరీ ల్యాబుల నౌకరి ఉన్నదంటున్నరు. ఈ ప్రాజెక్టు పాసైతే ఆమె ఇష్టం, ముంగట సదువుకోని. కాకుంటే అండ్లనే చేరాలె. ఇంకో ఏడాది కూసోబెట్టి సదివిచ్చుడు నాతోని కాదు బావా."

మౌనిక అడవిలో ఐదు చోట్లు ఎంచుకుంది. కనీసం నాలుగు చోట్ల నమూనాలు సరిగ్గా ఉంటేనే వాళ్ల గైడు ఒప్పుకుంటారట. ఐదింట్లో నాలుగంటే ఫస్ట్ క్లాసు కన్నా ఎక్కువే, భయమెందుకని నేను ధైర్యం చెప్పాను.

డుమస్: తూకం బజ్జీలు

ఆదివారం అందరం డుమస్ సముద్రం చూడ్డానికి వెళ్లాం. అక్కడి ఇసుక నల్లగా ఉంటుంది. నేను చిటికెడు తీసి, రెండు వేళ్ల మధ్య నలిపి, కళ్లు మూసుకుని, "ఇనుము ఉన్నది" అని తేల్చాను. పక్కన గాలిపటం అమ్మే మనిషి కూడా తలూపాడు. ఇసుక గురించి కాదు, బేరం తగులుతుందేమోనని.

డుమస్‌లో టొమాటో భజియా తినకపోతే వెళ్లినట్టు కాదట. గుండ్రంగా కోసిన టొమాటో మీద పచ్చటి కారం పూసి, శనగపిండిలో ముంచి వేయిస్తారు. మన దగ్గర బజ్జీలు లెక్కపెట్టి ఇస్తారు, అక్కడ కూరగాయల్లా తూచి ఇస్తారు. నేను "చార్ దేనా" అన్నాను. అతను నాలుగు వందల గ్రాములు తూచి పొట్లం కట్టాడు. వద్దనడానికి మొహమాటపడి మొత్తం తిన్నాను.

సరిగ్గా అప్పుడే మౌనిక తన ప్రాజెక్టు గురించి చెబుతోంది. బ్యాగులోంచి ఒక ఎండు టేకు ఆకు తీసి చూపించింది.

"మామా, వాన మంచిగ పడ్డ ఏడాదిల, చెట్టు ఆకును రాల్చే ముందు అండ్ల ఉన్న నత్రజని, భాస్వరం వాపస్ గుంజుకుంటది. ఖాళీ ఆకును కింద ఏస్తది. కరువుల గంత టైం దొరకది. సగం మాల్ ఆకులనే ఉంగ, జల్దీ రాల్చేస్తది."

"ఇల్లు ఖాళీ జేసేటోళ్లు బియ్యం డబ్బా మర్చిపోయినట్టు" అంది విజయ.

"బస్, గదే అమ్మా. కింద పడ్డంక గూడ తడి లేకుంటే అది మురగది. తిండి పైన ఆకులనే ఉంటది, కింద మట్టి ఉపాసం ఉంటది. అందుకే మామా, నాకు మట్టి కన్నా…"

మిగతాది నేను వినలేదు. కారం ముక్కు దాకా వచ్చి నీళ్ల కోసం పరుగెత్తాను. ఆ రాత్రంతా కడుపు పట్టుకుని పడుకున్నాను. వినకుండా పోయిన ఆ ఒక్క మాట విలువ మూడు రోజుల తర్వాత తెలిసింది.

ఉమర్‌పాడా అడవి: తైద రొట్టె

రెండు బస్సులు మారి, ఒక జీపు వెనకాల వేలాడి అడవి అంచున ఉన్న ఊరు చేరాం. వేలాడింది నేను. మౌనిక ముందు సీట్లో కూర్చుని డ్రైవరుతో గుజరాతీలో కబుర్లు చెప్పింది.

మేం దిగింది రమీలాబెన్ ఇంట్లో. నలభై ఏళ్ల మనిషి, పొట్టిగా, ఇనుములా ఉంటుంది. ఏడాదిగా మౌనిక వచ్చినప్పుడల్లా అక్కడే ఉంటోంది. నేనొచ్చానని రమీలాబెన్ నాగ్లీ రొట్టె, మినప్పప్పు చేసింది. నాగ్లీ అంటే ఏదో కొత్త ధాన్యం అనుకుని భక్తిగా విరిచాను. చూస్తే మన తైదలే, అదే రాగులు. చిన్నప్పుడు అమ్మ తైద రొట్టె చేస్తే ముఖం తిప్పుకునేవాడిని. ఇక్కడ మూడు తిని నాలుగోది అడిగాను.

అడవి చూసి కూడా అలాగే అనిపించింది. టేకు, ఇప్ప, తునికి, మోదుగ. అన్నీ మన చెట్లే. కానీ అంత ఎండిన అడవిని నేను చూడలేదు. కాలు వేస్తే అప్పడాలు విరిగినట్టు చప్పుడు. ఎక్కడ చూసినా విస్తరంత ఆకులు, ఒక్కటీ కుళ్లలేదు.

"ఇస్ సాల్ పత్తా హరా హరా గిర్ గయా" అంది రమీలాబెన్. పండకుండానే పచ్చగా రాలిపోయిందని. నాకు అర్థమయ్యేలా హిందీలో చెప్పింది. మేకలకు పాలు కూడా పలచబడ్డాయట. మౌనిక ఏడాదిగా సీసాలూ తూకాలూ పెట్టుకుని వెతుకుతున్నది ఈమె మేకను పితికి చెప్పేసింది. మౌనిక మాత్రం అది వెంటనే నోటుబుక్కులో రాసుకుంది. నేనైతే రాసుకునేవాడిని కాదు.

మౌనిక ఎంచుకున్న ఐదు చోట్లూ చూపించింది. ఒక్కోటి మూడు గజాల చదరం. నాలుగు మూలలా పుల్లలు పాతి, చుట్టూ తెల్ల దారం కట్టింది. శంకర్ మగ్గం దగ్గర మిగిలిపోయిన పాలిస్టర్ దారం అది. ఎండకూ చెదలకూ తట్టుకుని ఏడాదిగా మెరుస్తోంది. తెల్ల దారం లోపలి ఆకు ముట్టుకోవద్దని రమీలాబెన్ ఊరంతా చెప్పిందట. ఎవరూ ముట్టుకోలేదు.

మర్నాడు: నా సేవ

మూడు చదరాలు ఊరికి దగ్గర, రెండు గుట్ట అవతల. నా మోకాలు గుట్ట ఎక్కనంది.

"మామా, నేను పోయి ఆ రెండు తీసుకొస్త. నువ్వు ఈడ కూసోని కవర్ల మీద పేర్లు రాయి. నేనొచ్చినంక కలిసి తీద్దాం" అని మౌనిక వెళ్లిపోయింది.

పేర్లు రాయడం పావుగంటలో అయిపోయింది. ఖాళీగా కూర్చుంటే నాకు చేతులు దురద. పాపం పిల్ల గుట్టెక్కి దిగి అలిసిపోయి వస్తుంది, ఈలోగా కొంత పని అయినా తేల్చి పెడదామనుకున్నాను. మట్టి నమూనా తీయడానికి ముందు చేయాల్సింది ఏమిటి? పైనున్న ఆకూ అలమూ, చెత్తా చెదారం శుభ్రంగా గీకి పారెయ్యాలి.

రమీలాబెన్ వాకిట్లోంచి పొరక తెచ్చాను. ఒక్క ఆకు, ఒక్క పుల్ల మిగలకుండా ఊడ్చాను. మూడు చదరాలూ పెళ్లి పందిరి కింద నేలలా తయారయ్యాయి. ఊడ్చిన ఆకునంతా దారం బయట, బాట పక్కన మూడు కుప్పలు పెట్టాను. పాపం ఊరు ఊరంతా ఏడాది పాటు కాపాడిన ఆకును గంటన్నరలో ఊడ్చి అవతల పెట్టాను. గుంటలు కూడా తీసేవాడినే, కానీ నడుం పట్టేసి ఒక ఇప్ప చెట్టు కింద వాలి నిద్రపోయాను. ఆ రోజు మొత్తంలో నేను చేసిన మంచి పని ఆ నిద్ర ఒక్కటే.

మౌనిక పిలుపుకి లేచాను. రెండు సంచులు భుజాన వేసుకుని నిలబడి ఉంది. చదరాల వైపు చూస్తోంది.

"మామా, ఆకు ఏది?"

"శుభ్రం జేసిన బిడ్డా" అన్నాను గర్వంగా. "ఇంక గుంట తీసుడే."

అది సంచులు దించి నేల మీద కూర్చుంది. అరవలేదు. అరిచే ఇంట్లో పుట్టిన పిల్ల అరవకపోతే నాకు భయమేసింది.

"నాకు మట్టి కన్నా ఆకే జరూరీ మామా. డుమస్‌ల చెప్పిన గదా. ఏడాదిల ఎంత ఆకు పడ్డది, అండ్ల ఎంత నత్రజని ఉన్నది, కింద మట్టికి ఎంత దిగింది. ఆ ఆకే నా ప్రాజెక్టు."

"అయితే మళ్ల సాల్…" అన్నాను. నోరు ఊరుకోదు కదా.

"మళ్ల సాల్ వాన మంచిగ పడ్తే? కరువు రావాలని మొక్కుకోవాల్నా మామా?"

నాకు తల కొట్టేసినట్టయింది. ఇన్నేళ్లలో ఏ రైతు మట్టి చెడగొట్టినా మళ్లీ తెమ్మని చెప్పి పంపేవాడిని. మళ్లీ తేవడానికి వీల్లేని మట్టి ఉంటుందని నాకు అప్పటిదాకా తెలియదు.

"ఆకు యాడికి పోలేదు, బాట పొంటి కుప్పలు పెట్టిన" అని చేయి చూపించాను. బాట పక్కన ఏమీ లేదు. ఊరి వైపు, చెట్ల పైన, సన్నగా పొగ లేస్తోంది.

నారుమడి దగ్గర

అక్కడ వరి నారు పోసే ముందు మడి మీద పేడ, పుల్లలు, ఎండుటాకు పరిచి కాలుస్తారు. ఆ బూడిదే నారుకు ఎరువు. అడవి ఆకులో మిగిలిన సారం ఇలా మడిలోకి చేరుతుంది. ఇదంతా మౌనిక నాకు పరుగెత్తుతూ చెప్పింది. నా మోకాలు గుట్ట ఎక్కనందిగానీ ఆ రోజు పరుగుకు మాత్రం ఏమీ అనలేదు.

రమీలాబెన్ మడి గట్టు మీద నిలబడి ఉంది. ముందు పరిచిన ఆకు అప్పటికే నిప్పు అందుకుని చిటపటలాడుతోంది. ఇంకా విప్పని మూటలు రెండు, పాత చీర గుడ్డల్లో, పక్కన ఉన్నాయి. మౌనిక వెళ్లి ఆ మూటల మీద పడుకున్నంత పని చేసింది.

రమీలాబెన్‌కు ఏమీ అర్థం కాలేదు. "దోరీ కే అందర్ మైనే హాథ్ నహీ లగాయా" అంది. దారం లోపల ఆమె చెయ్యి పెట్టలేదు. నిజమే. కుప్పలు దారం బయటే ఉన్నాయి. పైగా వాటి మీద రాయి లేదు.

అక్కడి పద్ధతి అది. ఎవరైనా ఆకు ఊడ్చి కుప్ప పెట్టుకుంటే దాని మీద ఒక రాయి పెడతారు. రాయి ఉంటే ఎన్నాళ్లున్నా ఎవరూ ముట్టుకోరు. రాయి లేని కుప్ప బాట పక్కన ఉందంటే, కావలసినవాళ్లు తీసుకుపొమ్మని అర్థం. మౌనిక మామయ్య తన పని అయ్యాక ఊరికోసం ఊడ్చి పెట్టాడని ఆమె సంతోషపడిందట. మా ఊళ్లో మాత్రం తక్కువా? చేలో పేడ కనిపిస్తే ముందు చూసినవాడు పుల్ల గుచ్చి పోతాడు, ఇంకొకరు ముట్టరు. చిన్నప్పుడు నేనూ గుచ్చినవాడినే. అయినా నాకు తట్టలేదు.

ఏ మూట ఏ కుప్పదో రమీలాబెన్ సరిగ్గా చెప్పింది. తన ఇంటికి దగ్గరగా ఉన్న మూడోది ముందు తెచ్చింది, అదే కాలిపోయింది. మొదటిదీ రెండోదీ కట్టిన మూటలు కట్టినట్టే ఉన్నాయి. గుట్ట అవతలివి రెండు, ఇవి రెండు. మౌనిక వేళ్ల మీద లెక్కపెట్టుకుని, మూట మీదే తల ఆనించి ఏడ్చింది. నేను మరోవైపు తిరిగి పొగ కళ్లల్లో పడ్డట్టు నటించాను.

కానీ రమీలాబెన్ సంగతేమిటి? మబ్బులు దిగుతున్నాయి, మడి సగమే కాలింది. "అబ్ పత్తా కౌన్ లాయేగా?" అంది, ఇప్పుడు ఆకు ఎవరు తెస్తారని నా వైపే చూస్తూ.

నేనే తెచ్చాను. చీకటి పడేలోపు రెండు మూటల ఆకు ఊడ్చి, నెత్తిన పెట్టుకుని మోశాను. ఒకసారి మూటతో సహా పడ్డాను. ఊరి ఆడవాళ్లు గట్టు మీద కూర్చుని చూశారు. వాళ్ల భాష నాకు రాదు కాబట్టి ఏమనుకున్నారో తెలియదు, నవ్వు మాత్రం ఏ భాషలోనైనా ఒకటే కదా. మూట వదిలి నీళ్లు తాగడానికి పోయినప్పుడల్లా దాని మీద రాయి పెట్టాను.

మౌనిక ఆ సాయంత్రమే రెండు మూటలూ తూచి, ఊడ్చేటప్పుడు కొంత పోయి ఉంటుందని కూడా రాసుకుంది. ఊడ్చిన నేల నుంచి మట్టి తానే తీసింది. నన్ను పొరక పట్టుకోనివ్వలేదు. చల్లారాక మడిలోంచి గుప్పెడు బూడిద కవర్లో వేసి, "ఇది నువ్వుంచుకో మామా" అని నా చేతిలో పెట్టింది.

తెల్లారి బయల్దేరుదామని చూస్తే నా చెప్పుల మీద ఒక రాయి ఉంది. రమీలాబెన్ గుమ్మంలో నిలబడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

మళ్లీ ఖటోదరా

ఇంటికి చేరగానే శంకర్ ఎదురొచ్చి, "ఎట్లయింది బావా?" అన్నాడు. దారంతా ఈ ప్రశ్నకే భయపడుతూ వచ్చాను. నోరు తెరిచేలోపే మౌనిక అందుకుంది.

"మామ మస్తు కష్టపడ్డడు నాన్నా. పొద్దంత ఆకే ఊడ్చిండు."

"నేను చెప్పలే! పెద్దమనిషి పక్కన ఉండాలె" అని శంకర్ నా భుజం తట్టాడు. దాని మాటలో అబద్ధం ఒక్కటి లేదు. మేం తిరిగొచ్చిన మర్నాడే సూరత్‌లో మొదటి వాన పడింది. విజయ వడియాలు ఎత్తడానికి మేడ మీదికి పరుగెత్తింది. నేను కిటికీ దగ్గర నిలబడి, ఇదే వాన రెండు రోజుల ముందు ఉమర్‌పాడాలో పడి ఉంటే ఏమయ్యేదో లెక్కవేసుకున్నాను.

మూడు నెలల తర్వాత శంకర్ ఫోన్ చేశాడు. నాలుగు చోట్ల లెక్క గైడు ఒప్పుకున్నారట. "ఇచ్ఛాపూర్ నౌకరికి పోనంటంది బావా. పోనీ, సదువుకోని" అన్నాడు. గొంతులో విసుగు నటించాడు గానీ సంతోషం దాగలేదు. మౌనిక తన రిపోర్టులో ఒక పేజీ ఫోటో తీసి పంపింది. అంతా ఇంగ్లీషు. ఒక వరుస కింద గీత గీసి, అర్థం తెలుగులో చెప్పింది. మూడో చోట ఆకుల పొర మనుషుల జోక్యం వల్ల నష్టపోయింది కనుక లెక్కలోకి తీసుకోలేదు. ఆ మనుషులు అంతా కలిపి నేనొక్కడినే. ఏ కాగితం మీదా సంతకం పెట్టే స్థాయికి చేరకుండా రిటైరైనవాడిని, చివరికి ఒక రిపోర్టులోకి ఎక్కాను.

పోయిన వారం మా మండలంలో రైతు సదస్సు జరిగింది. పాతవాడినని పిలిచి, మట్టి నమూనా తీయడం చూపించమన్నారు. పార పట్టుకుని లేచి, ఎప్పటిలాగే మొదలుపెట్టాను. "ముందు పైనున్న ఆకూ అలమూ, చెత్తా చెదారం శుభ్రంగా గీకి…"

పారెయ్యాలి అన్న మాట నోట్లోంచి రాలేదు. ముందు వరసలోని రైతులు నా ముఖం చూస్తున్నారు. నేను వంగి, చేత్తో ఆకులు దగ్గరికి తీసి, ఒక పక్కన కుప్ప పెట్టాను. చుట్టూ వెతికి ఒక రాయి తెచ్చి దాని మీద పెట్టాను. ఆ తర్వాతే గుంట తీశాను.